మళ్లీ ఊడిన క్లిప్పు

"మళ్లీ ఊడింది," అన్నది డాక్టర్ ఉమాదేవి, అర్పిత నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తూ. "పోయిన నెల పంటికి అంటించిన క్లిప్పే. ఏం కొరికినావమ్మా?"

నోరు తెరిచి ఉండటంతో అర్పితకు జవాబు చెప్పే బాధ తప్పింది. వెనక నిలబడిన అమ్మానాన్నలు అందుకొన్నారు.

"మీ అప్పని అడుగు," అన్నది నేత్రావతి కూతురితో. "వచ్చినప్పుడల్లా సంచీలో కరకరలాడే నిప్పట్లు, చెనక్కాయ ఉండలు తెస్తాడు గదా."

"నేను తెచ్చేది మాగిన మామిడిపండ్లు. అదీ చిన్నచిన్న ముక్కలు కోసి డబ్బాలో పెట్టి తెచ్చినాను," అన్నాడు అంబరీష్, అతనూ కూతురితోనే. "ఇంట్లో ఏం పెడతా ఉండారో మీ అమ్మని అడుగు."

"మెత్తని సంగటి, చారు. అంతే. తిన్నాక మూడు పూటలా పక్కన నిలబడి తోమిస్తా. క్లిప్పుల తీగ గుచ్చుకొంటే దానిమీద మైనం నేనే పెడతా. నాకు చెప్పొచ్చినాడు!"

రెండేళ్లుగా ఆమె పాపతో రాబర్ట్‌సన్‌పేటలో పుట్టింట్లో, అతను ముళబాగిలులో. పండగకు కూడా కలవరు. కానీ పాప పళ్లు చూపించే రోజున మాత్రం ఇద్దరూ తప్పకుండా వస్తారు. ఆ విషయంలో ఒకరిని నమ్మి ఇంకొకరు ఇంట్లో కూర్చోరు.

డాక్టర్ లైటు కాస్త కిందికి వంచింది.

"ఆగండి. ఇది తినేటప్పుడు ఊడింది కాదు. పీకినట్లుండాది. చూడండి, చిగురు మీద గీరుకొంది. నోరు పుక్కిలించుకొని రా తల్లీ."

అర్పిత దిగి నడవాలో ఉన్న బేసిను దగ్గరికి పోయింది. నేత్రావతి వెంటే వచ్చి కొళాయి కట్టేసింది.

"నువ్వే పీకినావా?"

అర్పిత అద్దంలోకి చూస్తూ తలూపింది.

"దేంతో?"

"గోళ్ల కత్తెరతో."

"అయ్యో! నొప్పి లేదా?"

"ఉండె."

"ముందు ఊడినవీ?"

"అన్నీ నేనే."

నేత్రావతి చెయ్యి లేచింది. కానీ ఆ చెయ్యి కూతురి చెంప మీద పడలేదు. గడ్డం పట్టుకొని మొహం తనవైపు తిప్పుకొంది.

"ఎందుకే?"

"క్లిప్పులు తీసేస్తే అప్ప ఇంగ యాడికొస్తాడు?" అన్నది అర్పిత. "మనం ముగ్గురం యాడ కూర్చుంటాం?"

నేత్రావతి కొళాయి మళ్లీ తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి కూతురి మూతి కడిగింది. కొంగుతో తుడుస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

లోపలికి పోయేసరికి డాక్టర్ చేతులకు కొత్త గ్లౌజులు వేసుకొంటోంది.

"పళ్లు ఎప్పుడో వరుసకు వచ్చేసినాయి. ఊడిన క్లిప్పుకోసమే నెలనెలా పొడిగిస్తా వచ్చినా. ఇంగ అంటించేది లేదు. ఈ రోజే అన్నీ తీసేద్దాం."

"వద్దు ఆంటీ!" అర్పిత కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొంది. "ఇంకొక్కసారి అంటించండి. ఈసారి ఊడదు. ఒట్టు."

"అందరూ ఎప్పుడు తీస్తారని ఏడుస్తారు, నువ్వేమో ఇట్లా!" అని నవ్వింది డాక్టర్. "అమ్మా, అప్పా, మీరు కాసేపు బయట కూర్చోండి."

బయట బెంచీ మీద ఎప్పుడూ మధ్యలో అర్పిత కూర్చునేది. ఇప్పుడు మధ్యలో అంబరీష్ సంచీ ఉంది.

"నేను గట్టివేమీ పెట్టలే," అన్నాడు అతను గోడకేసి చూస్తూ.

"తెల్సు."

"తెల్సా? మరి లోపల..."

"పాపే పీక్కొనింది. మనిద్దరం ఈడికి రావల్లని."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచీ తీసి ఒళ్లో పెట్టుకొన్నాడు. దాని పట్టీని వేలికి చుట్టాడు, విప్పాడు. లోపల మిషను గుర్రుమంటోంది. క్లిప్పులు వేసిన మొదటి వారం పాప అన్నం నమల్లేక ఏడ్చిన సంగతి అతనికి ఫోనులోనే తెలిసింది. ఆ ఏడుపు గుర్తొచ్చింది.

"చిగురు బాగా గీరుకొనిందా?" అని అడిగాడు.

"ఊఁ."

లోపలినుంచి పిలుపు వచ్చింది.

అర్పిత చేతిలో అద్దం ఉంది. పళ్లు తళతళా, ముత్యాల్లా వరుసగా ఉన్నాయి. "నవ్వు తల్లీ," అన్నది డాక్టర్. అర్పిత పెదాలు బిగించి అద్దాన్ని బోర్లించింది.

"పళ్లు మళ్లీ పక్కకు జరగకుండా రాత్రిపూట పెట్టుకొనేది ఒకటి ఇస్తాను. వచ్చే వారం అమ్మ ఒక్కరే వచ్చి తీసుకొన్నా చాలు," అని చెప్పింది డాక్టర్. "ఇంగ మీరిద్దరూ నెలనెలా పని మానుకొని తిరగాల్సిన పనిలేదు."

మంచి మాటే. ముగ్గురిలో ఎవ్వరూ సంతోషించలేదు.

అంబరీష్ మామిడి ముక్కల డబ్బా కూతురి చేతిలో పెట్టాడు. ఆమె తల నిమిరి, "బస్సుకు టైమవుతా ఉండాది, వస్తానమ్మా" అన్నాడు. అర్పిత తల ఎత్తలేదు. అతను సంచీ భుజానికి తగిలించుకొని తలుపు దగ్గరికి నడిచాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూశాడు.

కూతురు దిగిన కుర్చీలో నేత్రావతి ఎక్కి కూర్చుని ఉంది. కొంగు సర్దుకొని, వెనక్కి వాలి, డాక్టరుకు నోరు తెరిచి చూపించి అన్నది:

"నాకూ కింద ఒక పన్ను వంకరగా ఉండాది, చూడండి డాక్టరమ్మా. క్లిప్పులేస్తే నెలనెలా రావల్ల గదా, ఈయన్ని కూడా పిల్చుకొని?"