మడవని కొస

డబ్బాలోంచి కడిగిన ఫిల్మ్ రీలు పైకి తీసి వెలుతురుకి పట్టాడు తిరుమలరావు. మొదటినుంచి చివరిదాకా గాజులా తేటగా ఉంది. ఒక్క బొమ్మ లేదు.

“అయిపోనాదా మేస్టారూ?” వరండాలోంచి దాలమ్మ అడిగింది.

“ఇంకా కాలేదమ్మా. కూర్చో,” అన్నాడు.

తిరుమలరావు నరసన్నపేటలో కెమిస్ట్రీ లెక్చరర్. లోకమంతా ఫోన్లతో ఫోటోలు తీసుకుంటుంటే ఈయన మాత్రం తండ్రి నాటి కెమెరాలో రీలు ఎక్కించుకుని ఆదివారాలు సముద్రం ఒడ్డున తిరుగుతాడు. బాత్రూం కిటికీకి నల్లగుడ్డ కట్టి రీళ్ళు తనే కడుగుతాడు. స్నానానికి వెళ్దామంటే ఈ మందుల కంపేమిటని భార్య శైలజ రోజూ సణుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ అదంతా సరదా. ఇవాళ ప్రాణం మీదకొచ్చింది.

చేపల వేట మొదలైన రోజుల్లో, దాలమ్మ మొగుడు అప్పలసూరి పడవ అంచు మీద కూర్చుని, నల్లటి వల ఒళ్ళో పోసుకుని బాగుచేసుకుంటుంటే ఒకే ఒక్క ఫోటో తీశాడు. ఆ వారంలోనే అప్పలసూరి సముద్రంలో గల్లంతయ్యాడు. మనిషీ దొరకలేదు, ఫోటోలన్నీ ఉన్న అతని ఫోనూ దొరకలేదు. పెళ్ళి ఫోటోలు అంతకుముందే తుఫాను నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది మనిషో మసిమరకో ఆ దేవుడికే తెలియాలి. అప్పటికి దాలమ్మ నిండు చూలాలు. ఇప్పుడు ఆమె భుజాన నిద్రపోతున్న పిల్ల, తండ్రి పోయాక పుట్టింది.

“రేపు ఇది మా అయ్య ఏడీ అని అడిగితే ఏటి సూపించను మేస్టారూ? సముద్రాన్ని సూపించనా?” అంది దాలమ్మ పొద్దున వస్తూనే. ఇవాళ ఫోటో ఇస్తానని మాటిచ్చింది తిరుమలరావే.

విజయనగరంలో ఉన్న జగన్నాధానికి ఫోన్ చేశాడు. పాత కెమెరాల పిచ్చి ఇద్దరికీ ఒకేసారి పట్టింది.

“ఒరే, రీలు ఖాళీగా వచ్చిందిరా.”

“మందు తప్పు కలిపుంటావు.”

“లేదు. అంచు మీద కంపెనీవాళ్ళ నంబర్లు బాగానే వచ్చాయి, మందు పనిచేసినట్టే. అసలు దీనికి వెలుతురే తగల్లేదు.”

జగన్నాధం మెల్లగా అడిగాడు. “వాడిన రీలు కొస మడిచావా?”

రీలు వెనక్కి చుట్టేటప్పుడు కొసని పూర్తిగా లోపలికి పోనివ్వరు వీళ్ళు. కొస బయటుంటే చీకట్లో కడగడానికి ఎక్కించడం తేలిక. అయితే చూడ్డానికి వాడిన రీలూ కొత్త రీలూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే వాడినదాని కొస మడిచి ఫ్రిజ్‌లో పెడతారు. ఎంత ఆలోచించినా ఆ రోజు మడిచినట్టు తిరుమలరావుకి గుర్తు రాలేదు.

“మడవలేదురా.”

“అయితే నువ్విప్పుడు కడిగింది కొత్త రీలు. అప్పలసూరి ఉన్న రీలుని కొత్తదనుకుని మళ్ళీ కెమెరాలో ఎక్కించేశావు.”

“అది కూడా నిన్ననే అయిపోయిందిరా!”

“ఏం తీశావు దాని మీద?”

“శ్రీకూర్మంలో తాబేళ్ళు. సంతలో మిరపకాయల బస్తాలు. దాలమ్మ ఇంటికెళ్తే తలుపు దగ్గర పడుకున్న ఆమె చంటిపిల్ల. వరికోతలు. ఏది కనబడితే అది.”

“ఇంకేముంది! పాపం ఆ మనిషి మొహం మీద తాబేలు పాకుతుంటుంది. ఏదో ఒక అబద్ధం చెప్పి పంపించెయ్.”

ఫోన్ పెట్టేసి తిరుమలరావు గోడకి తల ఆనించి నిలబడ్డాడు. తనవి వంద ఫోటోలు పోయినా ఇంత బాధ ఉండేది కాదు. అబద్ధం చెప్పాలనే తలుపు తీశాడు. తీరా ఆమె మొహం చూశాక నోరు రాలేదు.

“ఒకదాని మీద ఇంకోటి తీసేశానమ్మా. పొరపాటైపోయింది. ఆ ఫోటో ఇంక లేనట్టే.”

దాలమ్మ భుజాన ఉన్న పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“సముద్రం ఓపాలి తీసుకెల్లిపోనాది. మీరు మరోపాలి తీసుకెల్లిపోనారు,” అంది.

తిరుమలరావు తల దించుకున్నాడు.

“ఆ రెండోది కడగండి.”

“ఏమీ కనబడదమ్మా. అంతా కలిసిపోయుంటుంది.”

“సెయ్యుంటే సెయ్యి, కాలుంటే కాలు. ఏటి మిగిల్తే అదియ్యండి. ఒట్టి సేతుల్తో నాను ఇంటికెల్లను.”

కడిగాడు. చీకట్లో రీలు రెండుసార్లు జారిపోయింది. ఫ్యాన్ కింద ఆరబెట్టి చూస్తే నెగటివ్ అంతా కలగాపులగం. తాబేళ్ళ మీద అలలు, బస్తాల మధ్య కొబ్బరిచెట్లు. ఏది చీకటో ఏది వెలుతురో తెలియడం లేదు. పడవ అంచు ఆనవాలు పట్టుకుని, ఆ ఒక్కదాన్నీ బొమ్మ పెద్దది చేసే దీపం కింద పెట్టాడు. దాని మీద ఇంకేం పడిందో పరీక్షగా చూసే ధైర్యం లేకపోయింది.

“నానూ సూస్తాను,” అంటూ పిల్లని భుజాన వేసుకుని దాలమ్మ ఎర్ర బల్బు వెలుతురులోకి వచ్చింది.

వద్దనడానికి తనెవరు? ఆ దీపం వెలుతురు పట్టించిన తెల్ల కాగితాన్ని మందునీళ్ళ తొట్టెలో వేశాడు. బొమ్మ పైకి తేలకముందే గోడవైపు తిరిగిపోయాడు. ఇక ఆమె ఏడుస్తుంది, తిడుతుంది, తిట్టినా తక్కువే అనుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఎంతసేపటికీ ఏడుపు వినబడలేదు.

“మా మావ దీన్నెప్పుడెత్తుకున్నాడు మేస్టారూ?”