బూట్ల పాట

బూట్ల చప్పుడు వినంగనే లేచి స్నానానికి నీళ్లు పొయ్యి మీద పెట్టిన. పగటి మూడు గంటలైతున్నది, మొదటి షిఫ్టు ఇడిసే యాళ్ల. బొగ్గు మసితోని వచ్చే మనిషికి నీళ్లు సల్లగుంటె ఎట్ల?

"ఎవలకు అవ్వా నీళ్లు?" అని నా మనుమరాలు కెరోలిన్ నవ్వింది. "అది ఫోన్ల పాట. ఆఫ్రికాల బంగారు గనులల్ల మాట్లాడనియ్యకపోతే, కూలోళ్లు బూట్లు చరిచి చెప్పుకునేటోళ్లట. దానికి ఎవలో మన డప్పు కలిపిండ్రు."

ఈ పోరి గిట్లనే దేశదేశాల పాటలు ఏరి అందరికి పంపుతది.

"వాళ్లందరు పైకొచ్చిండ్రా బిడ్డా?" అనడిగిన.

దాని నవ్వు ఆగింది. "మందమర్రిల సుసన్నవ్వకు గూడ పంపిన" అన్నది మెల్లగ.

"ఎందుకు పంపినవే? ఆమెకసలే బీపీ. ఆ చప్పుడింటె ఏమైతదో! జల్ది తీసెయ్."

అంతల ఫోను మోగింది. సుసన్ననే.

"వదినా, నేను గూడ నీళ్లు పెట్టిన."

మా ఇద్దరి పెనిమిట్లు ఒక్క షిఫ్టుకే బొగ్గు గనిల దిగి పద్దెనిమిదేండ్లాయె, పైకి రాలే.

పొయ్యి ఆర్పమని ఆమెకు చెప్పలేకపోయిన. నాది గూడ ఆర్పలే.