రమ నొక్కిన గంట

గంట మళ్ళీ మోగింది.

డాక్టర్ మమత గొట్టాన్ని ఉన్నచోటే ఆపేసింది. బల్ల మీద రమ ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. నోట్లో ప్లాస్టిక్ కట్టు, దాంట్లోంచి కడుపులోకి దిగిన కెమెరా గొట్టం. మాట్లాడే వీల్లేదు. పిడికిట్లో మాత్రం ఒక రబ్బరు బంతి ఉంది. బంతిని ఒకసారి నొక్కితే గంట మోగుతుంది, గంట మోగితే డాక్టరు చెయ్యి ఆపాలి. రమ భర్త వేణుమాధవ్ కనిపెట్టిన పరికరం అది.

"ఇది రెండోసారి వేణూ. ఏందిది?" అంది మమత.

వేణుమాధవ్ అప్పటికే గోడవారనున్న తన గంట డబ్బా దగ్గరికి పరుగెత్తాడు. మొదటిసారీ అంతే చేశాడు. వైరు కదిపి చూశాడు, ఎర్రలైటు చూశాడు. తెర మీద రమ నాడి, ఊపిరి సవ్యంగానే ఉన్నాయి. డబ్బాలో లోపమేమీ దొరకలేదు. కాసేపటికి రమ బంతిని రెండుసార్లు నొక్కింది. ఇక కానివ్వండి అని దానర్థం. గొట్టం మళ్ళీ కదిలింది.

గోదావరిఖనిలో పుట్టినవాడికి ఇలాంటి ఆలోచన రావడంలో వింతేమీ లేదు. వేణుమాధవ్ తండ్రి బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బులు లాగే యంత్రం నడిపేవాడు. లోపలి నుంచి ఒక్క గంట వినిపిస్తే యంత్రం ఆగాల్సిందే. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారన్నది తర్వాతి మాట. కొట్టినవాడు మళ్ళీ కొట్టేదాకా టబ్బు కదలదు. నోట్లో గొట్టం ఉన్న మనిషికీ ఆ హక్కు ఉండాలన్నాడు వేణుమాధవ్. మంచి మాటే, ఎవరూ కాదనలేదు. ఆ మాట పట్టుకుని, దవాఖానలో మిషన్లు బాగుచేసే డ్యూటీ దిగి రాగానే ముందుగదిలో దూరి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. రమ అన్నం పళ్ళెం స్టూలు మీద పెట్టి వచ్చేది, అది చల్లారిపోయాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేది. తలుపు బయట నిలబడి ఏదైనా అడిగితే లోపలి నుంచి "ఆఁ" అని వినిపించేది. షిఫ్టు దిగిన మగవాళ్ళంతా వీధిలో ఇళ్ళకు చేరుతుంటే ఆమె గడపలో కూర్చుని చూసేది. ఆమె మొగుడు ఇంట్లోనే ఉండి ఇంటికి రానివాడు. ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారని ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆమెకు కొన్నాళ్ళుగా కడుపులో మంట. గొట్టం వేసి చూడాలన్నారని చెప్పిన రోజున వేణుమాధవ్ మొహం వెలిగిపోయింది. కాళ్ళరిగేలా తిరిగే పని లేకుండా మొదటి పేషెంటు ఇంట్లోనే దొరికింది మరి. కావలసిన అనుమతులన్నీ అప్పటికే చేతిలో ఉన్నాయి. ఈ పరీక్ష సాఫీగా జరిగితే అందరు పేషెంట్లకూ ఆ బంతి ఇవ్వమని మమత దవాఖాన పెద్దలకు చెబుతుంది. జరగకపోతే డబ్బా అటకెక్కుతుంది. ఇంకో మనిషి మీద పెట్టనివ్వనని ఆమె ముందే తేల్చి చెప్పింది.

మూడోసారి గంట మోగింది.

మమత గొట్టం ఆపి, వంగి రమ మొహంలోకి చూసింది. "రమక్కా, నొప్పి అయితుందా?"

రమ తల కొంచెం అడ్డంగా కదిలింది.

ఊపిరి ఆడుతుందా అని అడిగింది మమత. ఆడుతుందన్నట్టు రమ రెప్ప వాల్చింది. అయితే రెండుసార్లు నొక్కు, కానిచ్చేద్దాం అంది. రమ నొక్కలేదు. ఆమె కళ్ళు డాక్టరును దాటి గోడవైపే చూస్తున్నాయి. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. గొట్టం వేసినప్పుడు అందరికీ నీళ్ళు కారుతాయి కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

గోడ దగ్గర వేణుమాధవ్ స్క్రూడ్రైవర్‌తో డబ్బా మూత విప్పుతున్నాడు. "రెండుసార్లు నొక్కిన గుర్తు అందుతలేదు మేడం, ఒక్క నిమిషం," అన్నాడు తలెత్తకుండా.

మమత ఆ నిమిషం ఆగింది, ఇంకాసేపు కూడా ఆగింది. బంతి కదలకపోయేసరికి గొట్టాన్ని మెల్లగా బయటికి తీసేసింది.

"సూడాల్సింది సూసిన. చిన్న పుండే, గోలీలతోటి మానుతది," అంది గ్లౌజులు విప్పుతూ. "నీ డబ్బను మాత్రం తీస్కపో వేణూ. ఏం లేకున్న మోగేదాన్ని నమ్మి నేను మనిషి కడుపుల గొట్టం పెట్టలేను."

వేణుమాధవ్ వైర్లు చుట్టి డబ్బా చంకన పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళ కష్టం ఆ గదిలోనే గంగలో కలిసిపోయింది. రమను పక్కగదిలో మంచం మీద పడుకోబెట్టారు. అతను డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని, బంతిని తన చేత్తో నొక్కి చూశాడు. ఒకసారి నొక్కితే ఒకలా, రెండుసార్లు నొక్కితే ఇంకోలా, చెప్పినట్టే మోగింది. ఎన్నిసార్లు నొక్కినా తప్పు పోలేదు. పరికరం బంగారంలా ఉంది. అప్పుడు గానీ అతని చూపు పెళ్ళాం మీదికి మళ్ళలేదు.

"నిజం చెప్పు రమా. పొరపాటున నొక్కినవా?"

"లేదు." గొంతుకు కొట్టిన మత్తుమందు ఇంకా దిగక మాట ముద్దగా వచ్చింది.

"నొప్పిగిట్ల అయిందా?"

"కాలే."

"మరెందుకు నొక్కినవ్? అంత మంచిగనే ఉన్నప్పుడు మూడుసార్లు ఎందుకు మోగిచ్చినవ్?"

రమ అటు తిరిగి పడుకుంది.

"భయమై నిన్ను పిలిచిన. మూడుసార్లు పిలిస్తె మూడుసార్లు నువ్వు ఆ డబ్బ కాడికే ఉరికినవ్."