దక్షిణం వాకిలి

"ఆ వాకిలి మూయొద్దప్పా."

మద్దిలేటి వెనక్కి తిరిగి చూశాడు. తెల్ల టోపీ, మాసిన చొక్కా, చేతిలో సద్ది డబ్బా. ఎవరో ముసలి సాయిబు.

నంద్యాలలో మద్దిలేటి కట్టిస్తున్న మూడంతస్తుల బట్టల అంగడి అది. ముందువైపు పెద్ద మెట్లు, వెనక దక్షిణం వైపు చిన్న మెట్లు. మంటలు లేస్తే జనం దిగిపోవడానికని ఆ రెండో దారి చూపిస్తేనే ప్లానుకు పర్మిషను వచ్చింది. వచ్చిందో లేదో, వాస్తు చూసే ఆయన దిగబడి, దక్షిణం వాకిలి యముడికి దారి అన్నాడు. ఇంకేముంది! బేల్దారి యాకోబు గోడ కట్టడానికి ఇటుకలు దించాడు.

"ఎవరు సాయిబూ నువ్వు? పని కావాల్నా?"

"పని మానేసినా నాయనా. ఈ వాకిలి మూస్తారని బస్సులో కూలోల్లు అనుకుంటాంటే విన్నా. ఆ వాకిలి ప్లానులో ఉంది గదా?"

"ప్లాను ఆఫీసుకు. వాస్తు నాకు. మధ్యలో నీకేందీ నొప్పి?"

"పైన ఆడపిల్లోల్లు పని చేస్తారంట."

"నా కూతురే కూచుంటది కౌంటర్లో. నా బిడ్డ మీద నాకు లేని బాధ నీకుందా?"

ముసలాయన పోయి ఆ గడప మీద కూర్చున్నాడు.

మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ అంతే. పొద్దున ఆళ్లగడ్డ బస్సు దిగడం, గడపలో కూలబడటం, సాయంత్రం బస్సెక్కడం. మనిషి కూర్చున్న చోట ఇటుక పెట్టడానికి యాకోబుకు చెయ్యాడలేదు.

మద్దిలేటి తిట్టాడు. పోలీసులను పిలుస్తానని బెదిరించాడు. గిట్టనివాళ్లెవరో పంపి ఉంటారని అనుమానించాడు. చివరికి ఒళ్లు మండి, రెక్క పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చాడు. టోపీ దుమ్ములో పడింది.

ముసలాయన టోపీ దులిపి పెట్టుకున్నాడు. మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాడు.

"సిగ్గుండాల మనిషికి!"

"నీ కాళ్లు మొక్కుతా నాయనా. మూయొద్దు."

ఈలోగా ముహూర్తం ముంచుకొచ్చింది. ఆ వాకిలికి పరదా వేలాడదీసి అంగడి తెరిచారు.

"పండగ గిరాకీ కానీయన్నా. నిదానంగా కడతా" అన్నాడు యాకోబు.

తర్వాత కొన్నాళ్లకు ముసలాయన రావడం మానేశాడు. పీడ విరగడైందనుకున్నాడు మద్దిలేటి.

దసరా ముందు, మంచి బేరాల మీద ఉండగా, కింద కరెంటు బోర్డు అంటుకుంది. చీరల కట్టలు భగ్గుమన్నాయి. ముందు మెట్ల నిండా నల్లటి పొగ. పైన కూతురు సాయి ప్రియ, సేల్స్ పిల్లలు, కొనడానికొచ్చిన ఆడవాళ్లు.

మద్దిలేటి నడిరోడ్డు మీద గుండెలు బాదుకున్నాడు.

"అయ్యో, నా బిడ్డా! ఎట్ల దిగుతావే!"

"నాయనా!"

వెనక సందులోంచి దగ్గుకుంటూ వచ్చింది సాయి ప్రియ. ఆమె వెనకే అందరూ.

"పరదా పీకేసి దిగొచ్చినాం నాయనా."

కూతుర్ని పట్టుకుని మద్దిలేటి బావురుమన్నాడు. దుమ్ములో పడిన ఆ టోపీ కళ్ల ముందు మెదిలింది.

ముసలాయన పేరు మాబు సాహెబ్ అని యాకోబు చెప్పాడు. మరునాడే పళ్లు, శాలువా తీసుకుని మద్దిలేటి ఆళ్లగడ్డ పోయాడు. వీధి వీధీ అడిగితే ఇల్లు దొరికింది. ముసలాయన భార్య గుల్జార్‌బీ తలుపు తీసింది.

"మాబు సాహెబ్ ఉన్నాడామ్మా?"

"పోయిన నెల మట్టి చేసినాం నాయనా. గుండె ఆగిపాయ."

మద్దిలేటి చేతిలో శాలువా అట్లాగే ఉండిపోయింది.

"నంద్యాల బట్టలంగడి నాదేనమ్మా. నా బిడ్డ ఆ దక్షిణం వాకిలి గుండానే బతికి బయటపడింది."

గుల్జార్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మూయలేదా నాయనా? పోయే దినం గూడా అదే అడిగినాడు."

"ఆయనకెందుకమ్మా అంత పట్టు?"

"మాకొక బిడ్డ ఉండె. హుమేరా. ఇట్లాంటి అంగట్లోనే పని. మంటలంటుకుంటే వెనక వాకిలి కాడికి ఉరికింది. ఆడికి పోతే వాకిలి మూసేసి గోడ కట్టిండ్రి."



"ఆ గోడ కట్టినోని చేతులు పడిపోను!"

"అట్లనొద్దు నాయనా."

ఆమె లోపలికి చూసింది. మేకుకు తుప్పు పట్టిన తాపీ వేలాడుతోంది.

"ఓనరు కట్టమంటే, ఆ గోడ కట్టింది మా ఆయనే."