పచ్చి జామకాయ

గేటు దాటగానే నిఖిల మాస్కు కిందికి లాగి గట్టిగా గాలి పీల్చింది.

"ఎంత మంచి గాలండీ మీ దగ్గర!" అంది ఇంగ్లీషులో.

నీవ్ వింతగా చూసింది. ఐర్లండులోని ఆ చిన్న ద్రాక్షతోటనీ, వెనకున్న వైన్ గదినీ తండ్రి కుర్చీకి పరిమితమయ్యాక ఇప్పుడు నడుపుతున్నది ఆమే.

ఆ ముసలాయన వీల్‌చెయిర్ వెనక నిలబడ్డ నీలం ఏప్రన్ ఆవిడ ఫక్కున నవ్వింది.

"మంచి గాలా! కంచె అవతల పేడనీళ్ళు చల్లుతున్నారమ్మాయ్. పొద్దుట్నుంచీ ముక్కులు మూసుకు చస్తున్నాం" అంది తెలుగులో.

నిఖిల గబుక్కున ఇటు తిరిగింది.

"ఊరు గుర్తొచ్చింది. నాకా వాసన ఇష్టం" అని నీవ్‌తో సర్దుకుంది.

నీవ్ తలూపింది. "గ్రాండ్, సరే. లోపల కిటికీలన్నీ మూసే ఉన్నాయి, రండి."

జనవరిలో నిఖిలకి కోవిడ్ వచ్చింది. పోతూ పోతూ వాసనని తీసుకుపోయింది. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే కాఫీపొడి డబ్బాలో ముక్కు పెడుతోంది. వాసనల పేర్లన్నీ గుర్తున్నాయి. ఆ పేర్ల వెనకున్న గదులే ఖాళీ అయిపోయాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వీసా గడువు ఇంకా పంతొమ్మిది రోజులు. వైన్ రుచులు చెప్పే ఈ ఉద్యోగం దొరక్కపోతే స్వోర్డ్స్ ఊళ్ళో అద్దెగది ఖాళీ చేసి ఇంటికి విమానం ఎక్కాలి.

బల్ల మీద ఐదు గ్లాసుల్లో వైన్. పక్కన, రుచి చూసి ఉమ్మడానికి చిన్న బకెట్, తెల్ల కాగితం, పెన్సిలు.

"మా ఇంటి పద్ధతి ఇదే. మాటలుండవు. ఐదూ రుచి చూసి మంచిది పైన, చెడ్డది కింద వరసగా రాయండి" అంది నీవ్.

బల్ల అవతల ముసలాయన ముందు కూడా ఐదు గ్లాసులున్నాయి. నీలం ఏప్రన్ ఆవిడ ఒక్కో గ్లాసునీ తన మొహం దగ్గరికి తీసుకుని, ఆయన చెవిలో ఏదో చెప్పి, అప్పుడు చేతికిస్తోంది. పాలు వేడిగా ఉన్నాయేమో చూసి పిల్లలకిచ్చినట్టు.

నిఖిల మొదటి గ్లాసు ఎత్తింది. నాలుక పులుపు చెప్పింది. రెండోది కొంచెం తీపి. అంతే. అద్దం వెనకనుంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినబడడం లేదు.

మూడోది చూసింది. మంచి బంగారు రంగు. కళ్ళయినా పనిచేస్తున్నాయి కదా అనుకుంది.

నీలం ఏప్రన్ ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. వంగినప్పుడు మెల్లిగా అంది.

"ఆ మూడోది పైన రాయకు. తడిసిన గోనెసంచి కంపు."

నిఖిల ఉలిక్కిపడింది. ఈవిడకి తెలిసిపోయింది. గేటు దగ్గరే తెలిసిపోయింది.

"మీరు తాగుతారా ఆంటీ?"

"అయ్యో, నేనా? ప్రభువు సాక్షి, చుక్క ముట్టను. ముక్కు దగ్గర పెట్టుకుంటానంతే."

"మరి మీకేం తెలుస్తది? మీ పేషెంటుని మీరు చూస్కోండి."

"కోపం ఎందుకమ్మాయ్..."

"ప్లీజ్ ఆంటీ. నా బతుకుతోటి ఆడుకోకండి."

నీవ్ తలెత్తింది. "ఏమైంది, సంతోషకుమారీ?"

నీలం ఏప్రన్ ఆవిడ నోరు తెరిచేలోగా నిఖిల అందుకుంది. "ఏం లేదు. మాది ఏ ఊరని అడుగుతున్నారు."

సంతోషకుమారి ఒక్క క్షణం ఆమెని చూసింది. వీల్‌చెయిర్‌ని తలుపువైపు తిప్పింది. ముసలాయన్ని తోసుకుంటూ తోటలోకి వెళ్ళిపోయింది.

నిఖిల పెన్సిలు తీసుకుంది. సాయం వద్దనుకున్నది నిజాయితీ వల్ల కాదని ఆమెకి తెలుసు. ఏప్రన్ కట్టుకున్న మనిషి తన లోపాన్ని చూసేసింది. దాన్ని చూసినవాళ్ళ మాట నిజం కాకూడదు.

మూడోది అన్నిటికన్నా పైన రాసింది.

నీవ్ కాగితం రెండుసార్లు చదివింది.

"మూడోది పాడైపోయిన సీసా. బిరడాకి బూజు పట్టింది. కావాలనే పెట్టాం."

నిఖిల పెన్సిలు కింద పెట్టింది.

"జనవరిలో కోవిడ్ వచ్చింది" అంది నిఖిల. "అప్పట్నుంచి నాకు ఏ వాసనా లేదు."

"ముందే చెప్పివుంటే, అది తిరిగొచ్చేదాకా ఆగేవాళ్ళం. నాన్నకీ కిందటేడు ఏప్రిల్లో వాసన పోయింది. ఇంకా రాలేదు."

నిఖిలకి అర్థం కాలేదు. దరఖాస్తులో తను పొగిడింది వీళ్ళ కిందటేడు వైన్‌నే. ఆ సీసా వెనక రాసింది బస్సులో వస్తూ కూడా మననం చేసుకుంది: ఎండకి కాగిన రాతి మీద తొలి వాన, అప్పుడే కొరికిన పచ్చి జామకాయ. ఐర్లండులో పుట్టి పెరిగినవాళ్ళకి పచ్చి జామకాయ ఎలా తెలిసిందని దరఖాస్తు రాసేటప్పుడే ఆశ్చర్యపోయి, అదీ అందులో రాసింది.

"మరి ఆ వైన్‌కి వాసన చూసిందెవరు?"

"మాతో ఉన్న మనిషే. వైన్‌లు కలపడం నాన్న పని, ఏది ఎలా ఉందో చెప్పడం ఆ మనిషి పని. సోమవారం కార్క్ నగరంలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరుతోంది. ఆ చోటుకే మిమ్మల్ని పిలిచాం."

"నన్నే ఎందుకు?"

"వచ్చిన పదకొండు దరఖాస్తులూ తన ముందు పెట్టాం. జామకాయ సంగతి రాసింది ఈ అమ్మాయొక్కతే, ఈమెనే పిలవండి అని మీ కాగితం తీసి నా చేతికిచ్చింది."

"ఎవరండీ ఆవిడ? ఒక్కసారి కలవచ్చా?"

నీవ్ కిటికీవైపు చూసింది.

బయట ద్రాక్షతీగల మధ్య వీల్‌చెయిర్ ఆపి, నీలం ఏప్రన్ ఆవిడ మాస్కు కిందికి లాగి, ఒక లేతాకు నలిపి వాసన చూసి, వంగి, ముసలాయన చెవిలో ఆ వాసన పేరు చెబుతోంది.