హమ్లీ అవ్వ పాడనంది

కళాకారులను పట్టుకోవడం కన్నా కోతులను పట్టుకోవడం నయం. జనగామలో పీజీ చదువుతున్న విశాల్‌కు, గోరీకి కాలేజీ పత్రిక ఇంటర్వ్యూల పని నెత్తినేసుకున్నాక తెలిసొచ్చిన సంగతి ఇది.

చెల్పూర్‌లో గోడల మీద బొమ్మలేసే ఆయన తనే ఫోనెత్తి, తను ఇంట్లో లేనని చెప్పాడు. మొగుళ్లపల్లి ఒగ్గు కథ ఆయన పత్తి ఏరాక రమ్మన్నాడు. పత్తి అయ్యాక, మిర్చి ఏరాక రమ్మన్నాడు. టేకుమట్ల డప్పు మాస్టారైతే ఇంకా ఎవరెవరిని అడిగారో పేర్లన్నీ చెప్పించుకుని, వాళ్ల పక్కన నా ఫొటోనా అని ఫోన్ పెట్టేశాడు. అచ్చుకు పోయే రోజు చూస్తే మీద పడుతోంది.

ఇక మిగిలింది హమ్లీ అవ్వ. మహబూబాబాద్ దగ్గర తండాలో ఉంటుంది. గోరీకి సొంత నాయనమ్మ. పెళ్లయి అత్తగారింటికి పోయే పిల్లను పట్టుకుని లంబాడీ ఆడవాళ్లు ఒక ఏడుపు పాట పాడతారు. ఢావ్లో అంటారు దాన్ని. అవ్వ అది ఎత్తుకుందంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా ముక్కులు చీదుకోవాల్సిందే.

సొంత మనిషే కదా, సులువనుకుంటారు. అవ్వకు ఫోన్ లేదు. అవ్వ కొడుకు, గోరీ బాపు చందూలాల్‌కు ఉంది గానీ ఆయన ఇస్తేగా! ఏడుపు పాటకు ఇంటర్వ్యూ ఏంది, బుద్ధిగా చదువుకోమని కసిరాడు. పత్రిక చూసుకునే సరళ మేడం కూడా, పోనీలే, ఆ పేజీలో ఇంకేదైనా వేద్దామంది.

"నాకు ఆ పాట కావాల్సిందే మేడం" అంది గోరీ. ఆ మాట అంటూనే పెన్ను తీసి, ఆ పేజీ మీద అవ్వ పేరు తనే రాసేసింది. పత్రిక మీద ఇంత ప్రేమ ఉన్న పిల్లను సరళ మేడం తన సర్వీసులోనే చూడలేదట.

చందూలాల్ మిర్చి ఏరడానికి పోయే రోజు చూసుకుని ఇద్దరూ జనగామలో రైలెక్కారు. ఇంటర్వ్యూకని విశాల్ కొత్త తెల్లచొక్కా తొడిగాడు. మహబూబాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే, గింత పెద్ద బ్యాగెందుకని ఆటోవాలా అడిగాడు. పుస్తకాలంది గోరీ.

విశాల్ వాళ్లది భూములూ పదవులూ ఉన్న ఇల్లు. అలాంటి పిల్లాడు తండాలో ఏం తింటాడోనని అవ్వ పరేషానైంది. జొన్నరొట్టె, మిరపకారం పెడితే మళ్లీ అడిగి మరీ తిన్నాడు. తిన్నంతసేపూ మాత్రం వాకిలి వైపే చూశాడు.

మాటలకు అవ్వ ఏమీ మొహమాటపడలేదు. ఏ పిల్లను ఎట్లా ఏడిపించి పంపిందో వరసపెట్టి చెప్పింది. డీజేలు వచ్చినంక పిల్లలు ఏడుపు మరిచి, ఎగురుకుంటూ కారెక్కుతున్నారని తిట్టింది. నచ్చినవాడితో లేచిపోయిన పిల్లలకు మాత్రం పాడలేదంది. పాడాలనే ఉండేదట, చెప్పి పోతే కదా!

"ఇప్పుడొక్కసారి పాడు అవ్వా" అని విశాల్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "పెండ్లిపిల్ల లేంది పాట ఎట్లొస్తది నాయినా? ఉత్తగ ఏడిస్తె ఇంటికి మంచిది గాదు."

గోరీ లగ్గానికి ఎట్లాగూ పాడతాననీ, అప్పుడొచ్చి రికార్డు చేసుకొమ్మనీ అంది. అంతదాకా పుస్తకం ఆగదని గోరీ బతిమాలింది. అలిగింది. చివరికి అవ్వ ముందు చతికిలబడి చున్నీతో ముసుగేసుకుంది.

"నేనే పిల్లననుకో. పాడు."

అవ్వకు నవ్వొచ్చింది. ఆడితే సరిగా ఆడాలని, పెట్టెలోంచి తన అద్దాల రవిక, లంగా తీసింది. గోరీ బట్టలు మార్చుకోనంటే మార్చుకోనంది. ఫొటోకు ముసుగు చాలంది. ఈ కాలం పిల్లలకు అన్నీ సగం సగమేనని గొణుక్కుంటూ అవ్వ మనవరాలి మెడ చుట్టూ చేతులేసి పాట ఎత్తుకుంది.

గోరీ ఏడ్చింది. అబ్బో, ఏం ఏడుపది! ఎక్కిళ్లు పడి, ముక్కు కారి, అవ్వ పైట తడిసేలా ఏడ్చింది. పక్కింటి మంగ్యా చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదు, కాలేజీ పని అని విశాల్ ఆయన్ను వెనక్కి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ హడావుడిలో ఫోన్ కిందికి వాలి వీడియోలో సగం నేలే పడింది.

పాట మధ్యలో అవ్వ ఠక్కున ఆగిపోయింది. చేయి గోరీ మెడ మీదే ఉండిపోయింది. ముసుగు ఎత్తి ఆ పిల్ల మొహంలోకి చూసింది. గోరీ తల దించుకుంది. అవ్వ లేచి, తలుపు దగ్గరేసి గొళ్లెం పెట్టింది. వచ్చి కూర్చుని గొంతు సవరించుకుంది.

"చాలవ్వా, పత్రికకు ఇది మస్తు" అన్నాడు విశాల్.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అది మీ పుస్తకానికి పాడిన, ఇగ ఫోను జేబుల పెట్టి వచ్చి దీని పక్కన కూసో అల్లుడా, పసుపన్న ఆరని పుస్తెలతాడు కట్టినోడు గంత దూరం నిలబడితె అసలు పాట ఎట్ల పాడాలె?"