మెడలో హర్షిణి

కొత్త చీర ఏది కొన్నా రమ్య ముందు హర్షిణికి చూపించాలి. కట్టుకోవడం ఆ తర్వాతే. ఇది రమ్య బామ్మ వెంకటరత్నమ్మ పెట్టిన రూలు.

హర్షిణి అంటే రమ్య భర్త గిరీష్‌కి మొదటి భార్య. చూపించడమంటే, మెడలో మంగళసూత్రాల పక్కన వేలాడే చిన్న బంగారు రూపుకి ఆ చీర తాకించడం. రెండో పెళ్ళివాణ్ణి చేసుకున్న ఆడపిల్ల, చనిపోయిన మొదటావిడ పేరున బొమ్మ అచ్చు వేయించిన ఆ బిళ్ళని మెడలో వేసుకోవాలి. లేకపోతే ఆవిడ ఊరుకోదట. బంటుమిల్లిలో వెంకటరత్నమ్మకి తెలియని ఆచారం లేదు. తెలిసి వదిలిపెట్టే ఆచారం అసలే లేదు.

గిరీష్ గుడివాడ మనిషి. పెద్దవాళ్ళెవరూ లేరు. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. కృత్తివెన్నులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో రమ్య పనిచేసే రోజుల్లో, సీసాలతో నీళ్ళు పట్టుకొచ్చేవాడు. రిపోర్టు ఫోన్లో పంపిస్తామన్నా కదిలేవాడు కాదు. ఒకరోజు హర్షిణి సంగతి చెప్పాడు. డెంగీ అని, నాలుగు రోజుల్లో అంతా అయిపోయిందని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. భార్య కోసం అంతలా ఏడ్చే మగవాణ్ణి రమ్య అంతవరకూ చూడలేదు. అక్కడే మనసిచ్చేసింది.

పెళ్ళి మాటల్లో వెంకటరత్నమ్మ రూపు సంగతి ఎత్తగానే గిరీష్ మొహం పాలిపోయింది.

“ఇప్పుడు అవన్నీ ఎందుకండీ బామ్మగారూ?”

“ఎందుకేంటి నాయనా? నీ చేతిలో పెడుతున్నది నా మనవరాల్ని. ఆ అమ్మాయి పేరున మెడలో రూపు పడందే తాళి కట్టనిచ్చేది లేదు.”

కంసాలి దగ్గరికి తనే వెళ్ళి చేయించుకొచ్చాడు, పాపం.

బందరులో కాపురం పెట్టారు. ఇంట్లో ఉండేది ఇద్దరే. రమ్యకి మాత్రం ముగ్గురున్నట్టుండేది. గుత్తి వంకాయ వండితే గిరీష్ మొదటి ముద్దకే ఆగి ఎటో చూసేవాడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఉలిక్కిపడేవాడు. పెళ్ళి ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దన్నాడు. హర్షిణి వాళ్ళవాళ్ళు చూస్తే బాధపడతారట. తద్దినం ఏ తిథికో చెప్పమంటే, ఆ రోజు తల్చుకోలేనన్నాడు. ఇంత ప్రేమ తన మీద ఎప్పటికైనా పుడుతుందా అని రమ్యకి దిగులు. చనిపోయిన మనిషి మీద అసూయేమిటని తనని తనే తిట్టుకునేది. తిట్టుకున్నా అసూయ పోయేది కాదు.

ఇంట్లో హర్షిణి ఫొటో ఒక్కటీ లేదు. అన్నీ పుట్టింటివాళ్ళకి ఇచ్చేశాడట. అందుకే కలలో వచ్చే హర్షిణికి మొహం ఉండేది కాదు. మంచం చివర అటు తిరిగి కూర్చునేది. ఒక్కసారి ఇటు చూడమని రమ్య బతిమాలేది. నిజంగా చూస్తుందేమోనని వణికేది. మెలకువ వచ్చేసరికి రూపు పిడికిట్లో ఉండేది.

మొదటిసారి కడుపు నిలవలేదు. ఇలా జరుగుతూనే ఉంటుంది, భయపడొద్దంది డాక్టరమ్మ. వెంకటరత్నమ్మ వైద్యం వేరు.

“ఆ అమ్మాయికి మనసు కుదుటపళ్ళేదే. వాళ్ళమ్మ చేత బొట్టు పెట్టించుకో. నిన్ను కూతురిగా ఆవిడ ఒప్పుకుంటే, ఆ పిల్లా ఒప్పుకుంటుంది.”

ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. ఈ బిడ్డ కూడా పోతే రమ్య తట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

“ఒకసారి ఘంటసాల, హర్షిణి గారి పుట్టింటికి వెళ్ళొద్దామండీ” అంది.

గిరీష్ తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“వద్దు రమ్యా. వాళ్ళకి నా మొహం చూపించలేను. ఇంకెప్పుడూ ఆ ఊరి పేరెత్తకు.”

ఎంత బాధ దాచుకున్నాడో అనుకుంది రమ్య. మర్నాడు అతను చెరువుల మీదకి వెళ్ళగానే, పసుపూ కుంకుమా పళ్ళూ సంచిలో పెట్టుకుని చల్లపల్లి బస్సెక్కింది. అక్కణ్ణించి ఆటో. హర్షిణి తల్లి పేరు మాణిక్యమ్మ అని ఎప్పుడో గిరీష్ నోట జారింది. ఆ పేరు చెబితే ఘంటసాలలో ఎవరో ఇల్లు చూపించారు.

మాణిక్యమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. లోపల్నించి తాలింపు వాసన వస్తోంది.

“ఎవరమ్మా?”

“బందరు నుంచి వచ్చానండీ. గిరీష్ గారి భార్యని.”

మాణిక్యమ్మ చేతులు ఆగిపోయాయి. రమ్యని తేరిపార చూసింది. ఆ చూపు రూపు దగ్గర నిలిచిపోయింది.

“అదెవరి పేరున వేసుకున్నావమ్మా?”

“మీ అమ్మాయి పేరునేనండీ.”

ఆ పెద్దావిడ మొహంలోకి చూడలేక రమ్య కాళ్ళ మీద పడిపోయింది. కలలు, పోయిన కడుపు, ఇప్పటి భయం, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

“ఆవిడ స్థానం నేనేం లాక్కోలేదండీ. రోజూ పసుపు పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాను. నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పండి. ఈ బిడ్డనైనా నాకు వదిలెయ్యమని చెప్పండి. మీరు చెబితే వింటారు.”

మాణిక్యమ్మ చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. తర్వాత వంగి, రమ్య భుజాలు పట్టుకుని లేపింది. కొంగుతో కళ్ళు తుడిచి, పక్కన కూర్చోబెట్టుకుంది.

“కడుపుతో ఉన్నదానివి, ఏడవకు తల్లీ. నేను చెప్పడం దేనికి?”

ఆ మాట అని, వంటింటి వైపు తిరిగి కేకేసింది.

“హర్షిణీ, ఆ స్టవ్ కట్టేసి, కుంకుమ భరిణె తీసుకుని ఒకసారి ఇటు రామ్మా!”